ఉక్కపోత వాతావరణంలో స్విమ్మింగ్ పూల్ చుట్టూ కృత్రిమ గడ్డి: తవ్వకం నుంచి చివరి బ్రష్ దాకా

పూల్ చుట్టూ కృత్రిమ గడ్డి వేయించుకున్నవాళ్లు తరచూ అడిగేవి మూడే ప్రశ్నలు. అడుగు వేస్తే కింది నుంచి నీళ్లు ఎందుకు ఉబికి వస్తున్నాయి? ఎంత కడిగినా ముక్కిన వాసన ఎందుకు పోవడం లేదు? నీడ ఉన్న మూలలో పాకుడు ఎందుకు పడుతోంది? ఈ మూడింటికీ జవాబు గడ్డి కిందే ఉంది.

పొడి గాలి ఉండే చోట గడ్డి మీద పడ్డ నీరు రెండు దారుల్లో పోతుంది. కొంత నేలలోకి ఇంకుతుంది, కొంత ఎండకు ఆవిరవుతుంది. ఉక్కపోత ఉండే చోట గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఆ రెండో దారి దాదాపు మూసుకుపోయినట్టే. పైగా పూల్ పక్కన వానతో పని లేకుండా రోజూ నీళ్లు చిందుతూనే ఉంటాయి. అందుకే ఇక్కడ ఆవిరి మీద ఆశ పెట్టుకోకూడదు. చిందిన ప్రతి చుక్కా కిందికి దిగి, పక్కకు వెళ్లిపోయేలా దారి చేయాలి. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ దారి గురించే.

## 1. నేల నీళ్లు తాగుతుందో లేదో ముందు చూడండి

గడ్డి రోల్ కొనకముందే చేయాల్సిన పని ఇది. పూల్ అంచుకు ఒక మీటరు అవతల, నీళ్లు ఎక్కువగా చిందే వైపు 30 సెం.మీ. లోతు, అంతే వెడల్పు ఉన్న గుంత తవ్వండి. నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. తర్వాత మళ్లీ నింపి, నీటి మట్టం గంటలో ఎంత దిగిందో కర్రకు గుర్తు పెట్టి కొలవండి. రెండోసారి వచ్చిన కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. పొడి మట్టి మొదటిసారి ఎక్కువ తాగేస్తుంది, దాన్ని నమ్మితే మోసపోతాం.

- గంటకు 5 సెం.మీ. కంటే ఎక్కువ దిగితే నేల మంచిది. మామూలు కంకర పరుపు చాలు.
- 2.5 నుంచి 5 సెం.మీ. మధ్య ఉంటే కంకర మందం పెంచాలి, వాటం జాగ్రత్తగా ఇవ్వాలి.
- 2.5 సెం.మీ. కంటే తక్కువైతే అది బంకమట్టి అనుకోవచ్చు. కంకర కింద చిల్లుల పైపు వేయక తప్పదు.

గుంతలో నీళ్లు పోయకముందే అడుగున ఊట కనిపిస్తే నేలలో నీటిమట్టం పైకి ఉన్నట్టు. అప్పుడు ఎంత కంకర వేసినా ఆ నీళ్లు కిందికి దిగవు. పైపు వేసి పక్కకు పంపడమే దారి.

వాన పడిన మర్నాడు పెరట్లో ఒకసారి తిరగండి. నీళ్లు ఎక్కడ నిలిచాయి, ఇంటి కప్పు నీళ్ల గొట్టం ఎక్కడ పడుతోంది, ఏ మూలకు ఎండ తగలడం లేదు, ఇవన్నీ కాగితం మీద గీసుకోండి. కప్పు నీళ్లు గడ్డి వేసే చోటికే వస్తుంటే, ఆ గొట్టాన్ని మళ్లించిన తర్వాతే మిగతా పని మొదలుపెట్టాలి.

## 2. నేల కింద ఏముందో తెలియకుండా పార దించకండి

పూల్ చుట్టూ నేల లోపల చాలా ఉంటాయి. నీళ్ల పైపులు, లైట్ల కేబుళ్లు, పంపు వైర్లతో పాటు చాలామందికి తెలియని ఇంకో తీగ కూడా ఉండొచ్చు. అది పూల్ చుట్టూ ఉన్న లోహ భాగాలను, నేలను ఒకే విద్యుత్ స్థాయిలో ఉంచడానికి కలిపే రాగి తీగ. దీన్నే బాండింగ్ తీగ అంటారు. తడి కాళ్లతో నిలబడ్డవాళ్లకు షాక్ కొట్టకుండా కాపాడేది ఇదే. చాలా దేశాల విద్యుత్ నిబంధనల్లో ఇది తప్పనిసరి. తవ్వకంలో అది కనిపిస్తే కోయకండి, పక్కకు లాగకండి. తెగితే పని ఆపేసి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ సరిచేసి పరీక్షించాకే మళ్లీ మొదలుపెట్టండి. కంకర వేశాక చూసుకోవచ్చులే అని వదిలేసే విషయం కాదిది.

పాత కాంక్రీటు గట్టును పగలగొట్టి ఆ స్థానంలో గడ్డి వేస్తున్నట్టయితే, ఆ కాంక్రీటులోని ఇనుప చువ్వలే బాండింగ్‌లో భాగమై ఉండొచ్చు. పగలగొట్టే ముందే ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

తవ్వే రోజుల్లో పూల్‌ను ఖాళీ చేయకండి. లోపలి నీళ్లే బయటి మట్టి ఒత్తిడిని ఆపుతుంటాయి. నేల తడిగా, నీటిమట్టం పైకి ఉన్న చోట ఖాళీ చేసిన పూల్‌ను భూమిలోని నీరు పైకి నెట్టేసే ప్రమాదం కూడా ఉంది.

## 3. సామగ్రి ఎంపిక

గడ్డి కొనేటప్పుడు అందరూ రంగు చూస్తారు, చేత్తో నిమిరి చూస్తారు. మీరు మాత్రం రోల్ తిప్పి వెనక్కి చూడండి.

అడుగు పొర. పోగులను పట్టి ఉంచే పొర ఇది. సాధారణంగా లేటెక్స్ పూతతోనో పాలీయురేథేన్ పూతతోనో వస్తుంది. ఎప్పుడూ చెమ్మగా ఉండే చోట లేటెక్స్ క్రమంగా బలహీనపడి పోగులు ఊడడం మొదలవుతుంది. పూల్ పక్కన పాలీయురేథేనే తీసుకోండి. కొన్ని రకాలకు అక్కడక్కడా చిల్లులు ఉంటాయి, మరికొన్నిటికి అడుగు మొత్తం నీళ్లు దిగేలా వలలా ఉంటుంది. దొరికితే రెండో రకమే మేలు. చిల్లుల రకంలో చిల్లుకీ చిల్లుకీ మధ్య తడి ఆగిపోతుంది.

పోగులు. పాలీఎథిలీన్ పోగులు మెత్తగా ఉంటాయి, నీటిని పీల్చవు. పూల్‌లో మామూలుగా ఉండే క్లోరిన్ మోతాదుకు దెబ్బతినవు. నైలాన్ బలమైనదే కానీ కొంత తేమను పీలుస్తుంది.

ఎత్తు. 25 నుంచి 30 మి.మీ. చాలు. 40 మి.మీ. గడ్డి షోరూమ్‌లో అందంగానే కనిపిస్తుంది. పూల్ పక్కన మాత్రం పొడవు పోగులు ఒరిగిపోయి, ఒకదాని మీద ఒకటి పడి, తడిని పట్టుకుని కూర్చుంటాయి.

గడ్డిలో చల్లే ఇసుక. నల్ల రబ్బరు ముక్కలు అసలు వద్దు. ఎండకు మరీ వేడెక్కుతాయి, నీళ్లతో కొట్టుకుపోయి పూల్‌లోకి చేరతాయి. ఇసుక బదులు కొందరు వాడే జియోలైట్ అనే ఖనిజానికి సూక్ష్మ రంధ్రాల్లో తేమను దాచుకునే గుణం ఉంది, కాబట్టి ఈ వాతావరణంలో నేను దాన్ని ఎంచుకోను. గుండ్రటి గింజల సిలికా ఇసుక, వీలైతే యాక్రిలిక్ పూత ఉన్నది తీసుకోండి.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. నమూనా ముక్కను జాలీ మీద పెట్టి ఒక మగ్గు నీళ్లు ఒక్కసారిగా పోయండి. నీళ్లు వెంటనే దిగిపోవాలి. పక్కలకు పొర్లితే ఆ రకాన్ని వదిలేయండి.

మిగతా సామగ్రి:

- నేయని రకం జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి మట్టిని ఆపేది)
- కడిగిన 20 మి.మీ. కంకర, కడిగిన 6 మి.మీ. చిప్స్ (సన్న రాతి ముక్కలు)
- అవసరమైతే 100 మి.మీ. చిల్లుల పైపు
- అంచులకు ప్లాస్టిక్ లేదా కాంపోజిట్ పలక (చెక్క వద్దు, చెమ్మకు కుళ్లిపోతుంది)
- అతుకు టేపు, పాలీయురేథేన్ జిగురు
- స్టెయిన్‌లెస్ స్టీల్ మేకులు, స్క్రూలు
- కట్టర్, బోలెడన్ని కొత్త బ్లేడ్లు
- ట్యూబ్ లెవెల్ లేదా రసమట్టం, దారం, మేకు కర్రలు
- ప్లేట్ కాంపాక్టర్ (అదురుతూ నేలను గట్టిపరిచే యంత్రం), చేతి దిమ్మిస

## 4. తవ్వకం, వాటం

నేల బాగా ఇంకేదైతే 10 సెం.మీ., బంకమట్టి అయితే 15 సెం.మీ. కంకర పట్టేలా తవ్వాలి. గడ్డి అడుగు పొర పూల్ అంచు రాయి పైభాగం కంటే సుమారు 2 సెం.మీ. కిందికి ఉండాలి. అప్పుడు 30 మి.మీ. పోగుల కొసలు రాయి కంటే కొద్దిగా పైకి వస్తాయి. కాలికి మెట్టు తగలదు, అడుగు పొర అంచు బయటికి కనిపించదు. ఈ లెక్క తవ్వకముందే వేసుకోవాలి. కంకర పరిచాక ఎత్తు తేడా వచ్చిందంటే మొత్తం మళ్లీ తీయాలి.

వాటం పూల్‌కు వ్యతిరేక దిశలో ఉండాలి. మీటరుకు 1 నుంచి 2 సెం.మీ. చొప్పున ఇవ్వండి. బంకమట్టి అయితే 2 సెం.మీ. ఇవ్వడమే మంచిది. వాటం కంకరతో సరిపెట్టుకోవచ్చని కొందరు మట్టిని మట్టంగా వదిలేస్తారు. అది తప్పు. నీళ్లు కంకరలోంచి దిగి మట్టి మీదకే చేరతాయి, అక్కడి నుంచి మట్టి వాలు ఎటుంటే అటే పోతాయి. కాబట్టి వాటం మొదట మట్టికే ఇవ్వాలి.

వేర్లు, గడ్డి దుబ్బులు పూర్తిగా తీసేయండి. మిగిలిన వేర్లు కుళ్లి, అక్కడ నేల దిగబడుతుంది. మెత్తటి మట్టి ఉన్న చోట తీసేసి కంకరతో నింపండి. తర్వాత దిమ్మిస కొట్టండి. పూల్ గోడకు 50 సెం.మీ. లోపల మాత్రం కాంపాక్టర్ యంత్రం వాడకండి. ముఖ్యంగా ఫైబర్‌గ్లాస్ పూల్ అయితే ఆ అదురుకు దెబ్బతినొచ్చు. అక్కడ చేతి దిమ్మిసే వాడాలి.

బంకమట్టి నేలలో వాలు కింది చివర ఒక కాలువ తవ్వి, చిల్లుల పైపు పెట్టి, దాని చుట్టూ కంకర పోసి, మొత్తం జియోటెక్స్‌టైల్ గుడ్డలో చుట్టేయండి. పైపుకు కూడా మీటరుకు కనీసం 1 సెం.మీ. వాటం ఉండాలి. దాని రెండో చివర ఎక్కడ తేలుతుందో తవ్వకముందే నిర్ణయించుకోండి. పొరుగువాళ్ల గోడ పక్కనో, మీ ఇంటి పునాది పక్కనో తేలకూడదు.

## 5. గుడ్డ పరచడం, అంచులు కట్టడం

తవ్విన నేల మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, ఒకదాని అంచు ఇంకోదాని మీదకు 30 సెం.మీ. వచ్చేలా వేయండి. ఇది మట్టి పైకి వచ్చి కంకర సందుల్లో చేరకుండా ఆపుతుంది. కొందరు కలుపు మొక్కలు రాకూడదని దీని బదులు పాలిథిన్ షీటు వేస్తారు. అంతకంటే పెద్ద పొరపాటు లేదు. గడ్డి కింద ఒక పళ్లెం పెట్టి నీళ్లు నిలవబెట్టినట్టే అవుతుంది.

అంచు పలకల్ని కంకర వేయకముందే బిగించాలి. పూల్ వైపు అంచు రాయి పునాది కాంక్రీటు ఉంటే, పలకను దానికి స్టెయిన్‌లెస్ స్క్రూలతో బిగించవచ్చు. పూల్‌కు లోపల వినైల్ లైనర్ (ప్లాస్టిక్ పొర) ఉంటే గోడ వైపు ఎలాంటి మేకూ కొట్టకూడదు, స్క్రూ బిగించకూడదు. ఒక్క రంధ్రం పడినా లీకు ఎక్కడుందో వెతకడానికే రోజులు పడుతుంది. అక్కడ జిగురే వాడండి.

నీళ్ల అంచు దాకా గడ్డి తెచ్చేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. నేనైతే అంచు రాయిని అలాగే వదిలేయమంటాను. గడ్డిలోని ఇసుక, దుమ్ము నేరుగా పూల్‌లో పడకుండా ఆ రాయి ఆపుతుంది. పిల్లలు పట్టుకుని పైకి ఎక్కేదీ ఆ రాయినే.

## 6. కంకర పొరలు

పని నిలిచేదీ పాడయ్యేదీ ఇక్కడే. కాస్త నెమ్మదిగా చేయండి.

ఎక్కువ చోట్ల కంకర మీద రాతి పొడి పరిచి, తడిపి, గట్టిగా దిమ్మిస కొడతారు. నేల అద్దంలా వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. పొడి వాతావరణంలో అది చెల్లుతుంది. నేనూ మొదట్లో ఒక పెరట్లో అలాగే చేశాను. వానలు మొదలయ్యాక వాసన వస్తోందంటే వెళ్లి గడ్డి లేపి చూశాను. రాతి పొడి తడిసి సిమెంటు ముద్దలా బిగుసుకుపోయింది. పైన నీళ్లు నిలిచి ఉన్నాయి, రెండు వేళ్ల కింద కంకర మాత్రం పొడిగా ఉంది. ఆ పొడంతా చెక్కి తీసి, కడిగిన చిప్స్ వేసి, మళ్లీ అదే గడ్డి పరిచాక వాసన పోయింది. అప్పటి నుంచి తేమ ప్రాంతాల్లో పూల్ పక్కన రాతి పొడి వాడలేదు.

చేయాల్సిన క్రమం:

1. కడిగిన 20 మి.మీ. కంకరను 5 సెం.మీ. మందం పరిచి కాంపాక్టర్ నడపండి. దాని మీద ఇంకో పొర వేసి మళ్లీ నడపండి. 15 సెం.మీ. కావాలంటే మూడో పొర కూడా ఇలాగే. ఒకేసారి 10 సెం.మీ. పోస్తే పైభాగమే గట్టిపడుతుంది, అడుగు వదులుగా ఉండిపోతుంది.
2. ప్రతి పొర తర్వాత దారం కట్టి వాటం చూడండి.
3. పైన 6 మి.మీ. చిప్స్ 2 నుంచి 2.5 సెం.మీ. పరచండి. కాంపాక్టర్ నడిపితే కొన్ని చిప్స్ కింది కంకర సందుల్లోకి దిగిపోతాయి. అది మామూలే. లోటుపడిన చోట మళ్లీ చల్లి మళ్లీ నడపండి.
4. 2 మీటర్ల తిన్నని కర్ర తీసుకుని అన్ని వైపులా పెట్టి చూడండి. కర్ర కింద 5 మి.మీ. కంటే ఎక్కువ సందు ఎక్కడా కనిపించకూడదు. గడ్డి ఏ గుంతనూ దాచదు. ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం ప్రతి గుంతా కనిపిస్తుంది.

ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. పొడి లేని చిప్స్ సిమెంటులా పట్టుకోవు కాబట్టి వాటిలో మేకులు గట్టిగా నిలవవు. అందుకే ఈ పద్ధతిలో గడ్డి అంచుల్ని పలకలకే బిగించాలి, మధ్యలో గడ్డి లేవకుండా పైన చల్లే ఇసుక బరువే చూసుకుంటుంది.

## 7. గడ్డి పరచకముందే నీళ్ల పరీక్ష

పైపు తెరిచి, పూల్ పక్కన ఒకే చోట 10 నిమిషాలు నీళ్లు వదలండి. పైన మడుగు కట్టకూడదు. చిల్లుల పైపు వేసి ఉంటే దాని రెండో చివర నీళ్లు రావాలి. పరీక్షకు కావలసిన టైమ్ చాలా తక్కువ, కానీ తొందరలో అందరూ వదిలేసేది దీన్నే. ఇప్పుడు లోపం కనిపిస్తే ఒక పూటలో సరిచేయొచ్చు. గడ్డి అతికించాక కనిపిస్తే అంతా విప్పాల్సిందే.

## 8. గడ్డి పరచడం, కోయడం

వాన సూచన లేని రెండు రోజులు చూసుకోండి. రోల్స్ విప్పి ఎండలో రెండు మూడు గంటలు వదిలేస్తే మడతలు సర్దుకుంటాయి, పోగులు లేస్తాయి.

అన్ని ముక్కల పోగులూ ఒకే వైపు వాలి ఉండాలి. చేత్తో నిమిరితే ఏ వైపు మెత్తగా పోతుందో అదే వాలు. వెనక అడుగు పొర మీద బాణం గుర్తులు గీసుకుంటే గందరగోళం ఉండదు. పూల్ గుండ్రంగా ఉంది కదా అని ముక్కల్ని విసనకర్రలా చుట్టూ తిప్పి వేయకండి. ఒక్కో ముక్క ఒక్కో రంగులో కనిపిస్తుంది. రోల్ వెడల్పు సాధారణంగా 2 లేదా 4 మీటర్లు ఉంటుంది. వంపులకు పోయే వృథా కోసం 10 శాతం ఎక్కువ కొనండి.

కోయడం ఎప్పుడూ వెనక నుంచే, రెండు కుట్టు వరుసల మధ్య నుంచే. వంపు దగ్గర ఒక్కసారిగా కొలతకు కోయకండి. ముందు 5 సెం.మీ. ఎక్కువ వదిలి కోసి, గడ్డిని చోటికి తెచ్చి, వంపు వెంట చిన్న గాట్లు పెట్టి, కొద్దికొద్దిగా తీసేయండి. బ్లేడు మొద్దుబారిన వెంటనే మార్చండి.

స్కిమ్మర్ (పూల్ పైనీటిలోని చెత్తను లాగే పెట్టె) మూత, వాల్వు పెట్టెలు, డ్రెయిన్ జాలీలు గడ్డి కింద పూడ్చకండి. చుట్టూ కోసి, తెరవడానికి వీలుగా వదలండి.

## 9. అతుకులు

అతుకు టేపు, దాని మీది జిగురు నీళ్లను దిగనివ్వవు. అంటే ప్రతి అతుకు కిందా 30 సెం.మీ. వెడల్పున ఒక మూసిన పట్టీ ఉంటుంది. అందుకే అతుకుల్ని నీళ్లు పారే దిశలోనే పెట్టండి, అడ్డంగా పెట్టకండి. వాలు కింది చివర, నీళ్లు చేరే చోట అసలు పెట్టొద్దు. నిచ్చెన దగ్గర, ఈదేవాళ్లు పైకి ఎక్కే చోట కూడా వద్దు.

రోల్ అంచున ఉండే పోగులు లేని పట్టీని, దాని పక్కన రెండు కుట్టు వరుసల్ని కోసేయండి. రెండు అంచులు పక్కపక్కన పెడితే వాటి మధ్య 2, 3 మి.మీ. సందు ఉండాలి. కుట్టు వరుసల మధ్య సహజంగా ఉండే దూరమే అక్కడా కనిపించాలి. ఎక్కువైతే గీత కనిపిస్తుంది, తక్కువైతే గట్టులా లేస్తుంది.

అంచులు మడిచి, మధ్యలో టేపు పరిచి, పళ్ల తాపీతో జిగురు రాసి, ఒక్కో వైపు నెమ్మదిగా దించండి. పోగులు జిగురులో చిక్కుకోకుండా వేళ్లతో విడదీస్తూ రండి. పైన ఇసుక సంచులు వరుసగా పెట్టి ఒక రాత్రి వదిలేయండి.

జిగురు విషయంలో రెండు మాటలు. నీటితో చేసిన జిగురు ఇక్కడ పనికిరాదు, తడికి మెత్తబడుతుంది. ఒకే డబ్బాలో వచ్చే పాలీయురేథేన్ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, కాబట్టి ఉక్కపోతలో మీరు అనుకున్నదానికంటే ముందే బిగుసుకుంటుంది. ఒకేసారి మొత్తం పొడవుకు రాయకుండా 2 మీటర్ల చొప్పున చేయండి. టేపు అడుగున, గడ్డి వెనక తడి ఉంటే ముందు తుడిచి ఆరనివ్వండి.

## 10. అంచులు బిగించడం, ఇసుక చల్లడం

గడ్డిని రెండు చివరలా లాగి, ముడతలు లేకుండా చూసుకుని, అంచు పలకలకు 15 సెం.మీ.కు ఒకటి చొప్పున స్టెయిన్‌లెస్ స్క్రూ లేదా మేకు కొట్టండి. కొట్టే ముందు పోగుల్ని పక్కకు విడదీయండి. జింకు పూత మేకులు చవకే, కానీ క్లోరిన్, ఉప్పు నీళ్లు తగిలే చోట తుప్పు పడతాయి. తుప్పు మరక గడ్డికి అంటితే పోదు, విరిగిన మేకు పాదానికి గుచ్చుకుంటుంది.

ఇసుక పూర్తిగా పొడిగా ఉండాలి. తేమ ఇసుక పోగుల పైనే ముద్దలా నిలిచిపోతుంది. ఉదయం మంచు తడి ఆరాక, మధ్యాహ్నం చల్లండి. చదరపు మీటరుకు 5 నుంచి 10 కిలోల మధ్య, గడ్డి తయారీదారు చెప్పిన మోతాదులో వేయాలి. మూడు నాలుగు విడతలుగా చల్లి, ప్రతి విడతకూ నైలాన్ బ్రష్‌తో పోగుల వాలుకు ఎదురుగా తోయండి. పూల్ మీద ఆ పూట కవరు వేసి ఉంచండి.

ఈతకు దిగే ముందు సరిచూసుకోవాల్సినవి:

- చెప్పులు లేకుండా అంచు వెంట ఒకసారి నడవండి. మేకు తల ఎక్కడా తగలకూడదు.
- ప్రతి అతుకునూ చేత్తో లాగి చూడండి.
- అన్ని మూతలూ తెరుచుకుంటున్నాయా?
- పైపుతో నీళ్లు కొట్టి, ఒక గంట తర్వాత పొడి గుడ్డతో గడ్డి మీద నొక్కండి. గుడ్డ కాస్త చెమ్మగిల్లితే ఫరవాలేదు, పిండేంతగా తడిస్తే కింద ఎక్కడో నీళ్లు ఆగుతున్నట్టు.

## 11. ఇప్పటికే కాంక్రీటు గట్టు ఉంటే

పగలగొట్టనవసరం లేదు, కానీ గడ్డిని నేరుగా కాంక్రీటుకు అతికించకూడదు. ముందు నీళ్లు పోసి వాటం చూడండి. మడుగు కట్టే చోట్లు నింపి సరిచేయండి. దాని మీద నీళ్లు పారడానికి సందులున్న ప్లాస్టిక్ డ్రైనేజ్ పలకలు పరిచి, వాటి మీద గడ్డి వేయండి. గడ్డి కింద గాలి ఆడుతుంది, నీళ్లు వాలు వెంట పోతాయి. జిగురు రాసేటప్పుడు చుట్టూ మూసేయకుండా, వాలు కింది అంచున నీళ్లు బయటికి పోవడానికి తెరిచి ఉంచాలి. అక్కడ కాలువ ఉంటే నెలకోసారి శుభ్రం చేయండి. నీళ్లు నిలిస్తే దోమలు అక్కడే పుడతాయి.

## 12. వేసేశాక వచ్చే సమస్యలు, వాటికి దారులు

ముక్కిన వాసన. ముందు గడ్డి మీద పోగైన ఆకులు, మట్టి, సన్‌స్క్రీన్ జిడ్డు తీసేయండి. నాచుకూ బూజుకూ తిండి అదే. తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి చల్లి, అరగంట తర్వాత బాగా కడగండి. రెండు మూడు వారాల్లో వాసన మళ్లీ వస్తే లోపం కింద ఉంది. ఆ చోట ఒక అంచు విప్పి కంకర చూడండి.

ఒక హెచ్చరిక: వెనిగర్‌ను బ్లీచ్‌తో గానీ, పూల్ క్లోరిన్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. క్లోరిన్ గుళికలు చిందిన చోట వెనిగర్ చల్లడమూ ప్రమాదమే.

పాకుడు. ఎప్పుడూ నీడలో ఉండే మూలల్లో వస్తుంది. కొమ్మలు కత్తిరించి వెలుతురు, గాలి తగిలేలా చేయండి. కుండీలను కాళ్లున్న స్టాండ్ల మీద పెట్టండి. తడి చాపలు, గాలి బొమ్మలు, తువ్వాళ్లు రాత్రంతా గడ్డి మీద వదలకండి.

తెల్లబడిన మచ్చలు. క్లోరిన్ గుళికలు నేరుగా పడితే వస్తాయి. పడిన వెంటనే వాటిని ఏరేసి, మిగిలినదాన్ని ఎక్కువ నీళ్లతో కడగండి. రసాయనాలు కొలిచే పని గడ్డి మీద చేయొద్దు. ఫిల్టర్ బ్యాక్‌వాష్ నీళ్లు (ఫిల్టర్‌ను వెనక్కి కడిగినప్పుడు వచ్చేవి) కూడా గడ్డి మీదకు వదలకండి, వాటిలోని మురికి కంకర సందుల్ని పూడ్చేస్తుంది.

ఉప్పు నీళ్ల పూల్. నీళ్లు పోయినా ఉప్పు మిగులుతుంది. వానలు లేని రోజుల్లో వారానికోసారి మంచినీళ్లతో కడగండి.

కాళ్లు కాలడం. ఎండలో కృత్రిమ గడ్డి 60 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. నీళ్లు చల్లితే కాసేపే చల్లబడుతుంది. ఎక్కువగా నడిచే దారి మీద గొడుగో తెరచాప నీడో వేయండి. చిన్నపిల్లల్ని వదిలే ముందు మీ అరచేయి ఆనించి చూడండి.

కరిగిన చారలు. కొన్ని రకాల కిటికీ అద్దాలు ఎండను ఒకే చోటికి తిప్పి కొడతాయి. ఆ వెలుగు పడే చోట గడ్డి కరుగుతుంది. కిటికీకి బయటి వైపు జాలీ బిగించాకే పాడైన ముక్క మార్చండి, లేకపోతే కొత్తదీ కరుగుతుంది.

దిగబడిన చోటు. దగ్గర్లోని అంచు విప్పి, గడ్డి మడిచి, చిప్స్ నింపి దిమ్మిస కొట్టి మళ్లీ బిగించండి. పూల్ గోడ పక్కనే పదేపదే దిగబడుతుంటే పైపు లీకై మట్టి కొట్టుకుపోతోందేమో చూడాలి. దానికి ప్రెషర్ టెస్ట్ చేయించండి.

## 13. నిర్వహణ

- రోజూ: రాలిన ఆకులు తీసేయాలి. తడిసిన ఆకు ఒక్క రాత్రిలో మరక వేస్తుంది.
- వారానికోసారి: మంచినీళ్లతో కడగడం, నీడ మూలలు చూడడం.
- రెండు వారాలకోసారి: నైలాన్ బ్రష్‌తో పోగుల వాలుకు ఎదురుగా తోయడం. ఇనుప పళ్ల బ్రష్ వాడకూడదు.
- నెలకోసారి: కాలువలు, జాలీలు శుభ్రం చేయడం, సబ్బు నీళ్లతో జిడ్డు కడగడం.
- వానాకాలం ముందు: చిల్లుల పైపు రెండో చివర తెరిచి ఉందో లేదో చూడటం, అతుకులు లాగి చూడటం.
- ఏడాదికోసారి: ఇసుక తగ్గిన చోట పొడి ఇసుక చల్లడం. పూల్ నుంచి ఎక్కే చోట ముందుగా తగ్గుతుంది, అక్కడి నుంచే మొదలుపెట్టండి.